అందరూ నన్నే చూస్తున్నారా? ఆఫీసులో బెరుకు: అపోహలు – వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బతుకుతెరువు ఒక్క తరంలోనే మారిపోయింది. చెరకు తోటల్లో, వేరుశనగ చేలల్లో తాతలు పనిచేసిన ఇళ్ల నుంచి మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు తెల్లారకముందే శ్రీసిటీ పారిశ్రామికవాడ బస్సు ఎక్కుతున్నారు. రేణిగుంట ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో, కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీలో, తిరుపతి హోటళ్ల రిసెప్షన్లలో, 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో కుదురుకున్నారు. వీళ్లలో చాలామంది తమ ఇంట్లో నెల జీతం తీసుకుంటున్న మొదటి మనుషులు.

ఈ ఉద్యోగాల్లో చేతిపని ఎంతో మాటపనీ అంతే. షిఫ్టు మారేటప్పుడు పదిమంది ముందు ఉత్పత్తి లెక్క చెప్పాలి. మండల సమీక్షలో అధికారి అడిగిన అంకె నిలబడి చెప్పాలి. గది బాగాలేదని కోపంగా వచ్చిన యాత్రికుడికి రిసెప్షన్‌లో సర్దిచెప్పాలి. అక్కడే కొందరికి గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, తెలిసిన మాట కూడా బయటికి రాదు. ఈ అవస్థ చాలా ఏళ్లుగా ఉన్నా చెప్పుకునేవాళ్లు తక్కువ. దాని గురించి మన మధ్య తిరిగే అపోహలు ఆ మౌనాన్ని ఇంకా పెంచుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: "అది ఉత్త సిగ్గు. పెండ్లయితే అదే పోతాది."

వాస్తవం: సిగ్గు ఒక స్వభావం. కొత్తవాళ్ల దగ్గర కాసేపు ఉంటుంది, పరిచయం పెరిగేకొద్దీ సడలుతుంది. దానివల్ల పని ఆగదు. మనం చెప్పుకుంటున్న అవస్థ అలా కాదు. దాన్ని వైద్యులు సోషల్ యాంగ్జైటీ అంటారు. నలుగురిలో మాట్లాడాలన్నా, తినాలన్నా, ఎవరైనా చూస్తుండగా సంతకం పెట్టాలన్నా, తప్పు చేస్తానేమో, చులకనైపోతానేమో అనే భయం మనిషిని పట్టేస్తుంది. ఆ సందర్భం ఇంకా వారం ఉందనగానే నిద్ర చెడుతుంది. అది అయిపోయాక కూడా "ఆ మాట ఎందుకన్నాను" అని రాత్రంతా నెమరేసుకోవడం ఆగదు.

1960ల్లో లండన్ వైద్యుడు ఐజాక్ మార్క్స్, ఆయన సహచరులు ఈ భయాన్ని మిగతా భయాల నుంచి విడదీసి వివరించారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. భయం ఆరు నెలలకు పైగా ఉండటం, ఉన్న ప్రమాదానికి మించి ఉండటం, చదువునో ఉద్యోగాన్నో స్నేహాలనో దెబ్బతీయడం. వైద్యులు ముఖ్యంగా చూసే గుర్తులివి. ఇది ఎక్కువగా బడి వయసులోనే మొదలవుతుంది. తరగతిలో లేచి పాఠం చదవమంటే కాళ్లు వణికిన పిల్లవాడే పదేళ్ల తర్వాత మీటింగులో చివరి కుర్చీ వెతుక్కుంటాడు. పెళ్లి దీనికి మందు కాదు. పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్ల తరబడి ఉండిపోతుంది, చికిత్స చేస్తే బాగా తగ్గుతుంది.

అపోహ 2: "పని వచ్చినోడికి భయమెందుకు? భయపడతా ఉండాడంటే పని రాదనే అర్థం."

వాస్తవం: ఆఫీసుల్లో అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేసేది ఈ అపోహే. పని రావడం వేరు, చూపుల మధ్య ఆ పని గురించి చెప్పగలగడం వేరు. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో దీని లోపలి నడక వివరించారు. ఎవరైనా ప్రశ్న వేయగానే ఈ భయం ఉన్న మనిషి ధ్యాస ప్రశ్న మీద నుంచి తన మీదికి తిరిగిపోతుంది. గొంతు ఎలా వినిపిస్తోంది, మొహం ఎర్రబడిందా, చెయ్యి వణుకుతోందా అని లోపలి కాపలా మొదలవుతుంది. ధ్యాసలో సగం ఆ కాపలాకే పోయాక, నిన్న తానే తయారుచేసిన లెక్క కూడా గుర్తుకు రాదు. చూసేవాళ్లకు అది చేతకానితనంలా కనిపిస్తుంది.

నష్టం అక్కడితో ఆగదు. టీమ్ లీడర్ అయితే రోజూ మాట్లాడాలి కాబట్టి ప్రమోషన్ వద్దనేవాళ్లు ఉన్నారు. పెద్ద సార్లు ఉండరని నైట్ షిఫ్టు అడిగి వేయించుకునేవాళ్లు ఉన్నారు. మూడు టేబుళ్ల అవతల కూర్చున్న మనిషికి నోటితో చెప్పలేక వాట్సాప్ పెట్టేవాళ్లు, క్యాంటీన్‌లో అందరూ లేచాక వెళ్లి తినేవాళ్లు ఉన్నారు. వాళ్ల పని నాణ్యతకూ ఈ భయానికీ సంబంధం లేదు. ఆ సంగతి అధికారికి తెలియకపోతే సంస్థ మంచి పనివాళ్లను పోగొట్టుకుంటుంది.

అపోహ 3: "నా చేతులు వణికేది, చెమట పట్టేది అందరికీ కనపడిపోతా ఉంది."

వాస్తవం: మనకు లోపల తెలుస్తున్నంతగా బయటివాళ్లకు కనపడదు. దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, నలుగురిలో తిరగడానికి ఇబ్బందిగా ఉండే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి విద్యార్థులను ఒక్కొక్కరిగా, మరికొందరు కూర్చుని ఉన్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్లు అంచనా వేశారు. నిజంగా గమనించింది నాలుగో వంతు మందే.

కెనెత్ సవిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ఉపన్యాసాల మీద చేసిన పరిశోధన ఉద్యోగులకు ఇంకా పనికొస్తుంది. మాట్లాడినవాళ్లు తాము ఎంత కంగారుగా కనిపించామని అనుకున్నారో, విన్నవాళ్లకు అంత కంగారు కనిపించలేదు. ఈ తేడా గురించి ముందే చెప్పి పంపినప్పుడు మాట్లాడేవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. కాబట్టి సమీక్షకు ముందు గుర్తు చేసుకోవాల్సింది ఇదే: మీ గుండె చప్పుడు మీకు తప్ప గదిలో ఎవరికీ వినపడటం లేదు. వాళ్లలో చాలామంది తమ వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నారు.

అపోహ 4: "నాకు ఇంగ్లీషు సరిగా రాదు, మా యాస పల్లెటూరిది. భయమంతా అందుకే."

వాస్తవం: మన ప్రాంతంలో దీన్ని నిదానంగా పరిశీలించాలి. ఇక్కడి పిల్లలకు ఉద్యోగమంటే చాలాసార్లు చెన్నై, లేకుంటే బెంగళూరు. తమిళం కలిసిన తెలుగు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే పల్లెల నుంచి నేరుగా ఇంగ్లీషు మీటింగుల్లోకి వెళ్తారు. హైదరాబాద్ ఆఫీసుకు వెళ్తే "వస్తా ఉండా", "చేసేదానికి లేదు" అన్నందుకు పక్కవాళ్లు నవ్విన అనుభవం చాలామందికి ఉంది. ఆ నవ్వు గుచ్చుకుంటుంది. దాన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు.

అయినా భాష రాకపోవడాన్నీ భయాన్నీ ఒకటిగా కట్టేస్తే రెండూ తీరవు. తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. స్నేహితుడితోనో దగ్గరి సహోద్యోగితోనో ఇంగ్లీషులో పని విషయం చెప్పగలుగుతూ, మేనేజర్ ముందు మాత్రం మాట పడిపోతుంటే అడ్డం భాష కాదు, భయం. ఎవరితోనైనా సరే వాక్యం కుదరడం లేదంటే అది నేర్చుకోవాల్సిన విద్య. రోజుకు అరగంట సాధనతో కొన్ని నెలల్లో తేడా తెలుస్తుంది. రెండూ ఉంటే రెండింటికీ వేరువేరుగా ప్రయత్నం చేయాలి. వరుసగా స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులు చేసినా మీటింగులో నోరు విప్పలేనివాళ్లు, సచివాలయ సమావేశంలో అచ్చమైన తెలుగులో మాట్లాడాల్సి వచ్చినా వణికేవాళ్లు ఈ తేడాకు సాక్ష్యం.

ఇక యాస సంగతి. చిత్తూరు ప్రాంతపు మనుషుల్ని, వాళ్ల మాటను కథల్లో నిలబెట్టిన మధురాంతకం రాజారాంకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' మొత్తం మన పల్లె మాటలోనే రాస్తే తెలుగు నేల అంతా చదివింది. సాహిత్యానికి సరిపోయిన మాట రిపోర్టు చెప్పడానికి చాలదా? యాసను చూసి నవ్వేవాళ్లు ఉన్న ఆఫీసులో సరిదిద్దాల్సింది ఆ నవ్వునే.

అపోహ 5: "మీటింగులు తప్పించుకుంటే మనసు నెమ్మదిగా ఉంటుంది."

వాస్తవం: ఆ పూటకు నెమ్మదిగానే ఉంటుంది. భయానికి బలం వచ్చేది కూడా అక్కడే. లోపలి భయం మనకు ఒక జోస్యం చెబుతుంది: "నువ్వు నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు." మీటింగుకు వెళ్లకపోతే ఆ జోస్యం నిజమో కాదో తేలదు. తేలనిది నిజమైనట్టే మనసులో ఉండిపోతుంది. మరుసటి వారం దాని గొంతు ఇంకొంచెం పెరుగుతుంది.

గదిలో కూర్చుని కూడా తప్పించుకోవచ్చు. తల వంచి నోట్సు రాసుకుంటున్నట్టు నటించడం, చెప్పాల్సిన వాక్యాన్ని లోపల ఇరవైసార్లు వల్లెవేయడం, వణుకు కనపడకుండా గ్లాసు గట్టిగా పట్టుకోవడం, ఊపిరాడకుండా గబగబా చెప్పేసి కూర్చోవడం, వీడియో కాల్‌లో నెట్ సరిగా లేదని కెమెరా ఆపేయడం. ఇవన్నీ రక్షణ కోసం చేసేవే. కానీ సమావేశం బాగా జరిగినా "గ్లాసు పట్టుకున్నాను కాబట్టి బయటపడ్డాను" అని మనసు లెక్క వేసుకుంటుంది. తన శక్తి మీద నమ్మకం పెరగదు.

దీనికి మందు ఆ జోస్యాన్ని కాగితం మీద పెట్టి పరీక్షించడం. మండల సమావేశానికి వెళ్లాల్సిన సచివాలయ ఉద్యోగిని ఒకరిని ఊహించుకుందాం. ముందురోజు చిన్న నోటు పుస్తకంలో ఇలా రాసుకోవచ్చు: "రేపు పింఛన్ల లెక్క చెప్పేటప్పుడు నా గొంతు ఆగిపోతుంది. ఎంపీడీఓ సార్ అందరి ముందూ కసురుకుంటారు. ఇలా జరుగుతుందని నా నమ్మకం నూటికి 80." సమావేశం నుంచి రాగానే దాని కిందే జరిగింది జరిగినట్టు రాయాలి: "మొదటి వాక్యంలో గొంతు తడబడింది. సార్ లెక్క రాసుకుని పక్క సచివాలయం వాళ్లను పిలిచారు. ఎవరూ నవ్వలేదు." అలా పది సందర్భాలు రాసుకున్నాక పుస్తకం తిరగేస్తే జోస్యాల్లో ఎన్ని తప్పాయో తన చేతిరాతే చెబుతుంది. రాత్రి పడుకున్నాక నెమరువేత మొదలైనప్పుడు ఊహల జోలికి పోకుండా, ఆ పుస్తకంలో ఉన్నదే గుర్తు చేసుకోవాలి.

అపోహ 6: "ఒక్కసారి మైకు చేతికిస్తే భయం అదే పోతాది."

వాస్తవం: సదుద్దేశంతోనే కొందరు అధికారులు ఈ పని చేస్తారు. వార్షికోత్సవంలో ఉన్నట్టుండి పేరు పిలిచి స్టేజి ఎక్కిస్తారు. ఈత రానివాణ్ణి బావిలోకి తోసినట్టే ఇది. ఒకరిద్దరు తేలతారేమో, మిగతావాళ్లు జన్మలో బావి వైపు పోరు. భయాన్ని ఎదుర్కోవడం చికిత్సలో ముఖ్యమైన భాగమే. కానీ ఎక్కే మెట్లు ఎవరు నిర్ణయించుకోవాలి, ఎంత ఎత్తున ఉండాలి అన్నదే కీలకం. మెట్లు ఆ మనిషివే కావాలి, చిన్నవిగా ఉండాలి, ఒక్కో మెట్టు పదేపదే ఎక్కాలి.

ఒక వరుస ఇలా ఉండొచ్చు:

- రిపోర్టును నమ్మకమైన ఒక సహోద్యోగికి చదివి వినిపించడం.
- నలుగురు వింటుండగా ఆఫీసు ఫోన్‌లో మాట్లాడటం.
- మీటింగులో ముందే అనుకున్న ఒక్క వాక్యం చెప్పడం.
- మరో మీటింగులో ఒక ప్రశ్న అడగడం.
- కాగితం వైపు చూడకుండా రెండు నిమిషాలు తన పని గురించి చెప్పడం.
- అంకె గుర్తు రాకపోతే "ఒక్క నిమిషం సార్, చూసి చెప్తాను" అని అందరి ముందూ నింపాదిగా ఆగడం.

చివరి మెట్టు చాలామందికి కష్టం, చాలా మేలు చేసేది కూడా అదే. చిన్న తడబాటు అందరికీ కనిపించినా కొంప మునగదని అది నేర్పుతుంది. ఒక మెట్టు మీద భయం సగానికి దిగాకే తర్వాతి మెట్టుకు పోవాలి. మాట్లాడేటప్పుడు ధ్యాసను తన గుండె మీద నుంచి ఎదుటి మనిషి ప్రశ్న మీదికి, తాను చెప్పే విషయం మీదికి మళ్లించడం కూడా ఇదే సాధనలో భాగం.

అపోహ 7: "ముందురోజు రెండు పెగ్గులో, పొద్దున ఒక మాత్రో వేసుకుంటే చాలు."

వాస్తవం: మద్యం కాసేపు జంకును మందగింపజేస్తుంది. దిగాక ఆందోళన అంతకంటే ఎక్కువవుతుంది, నిద్ర పాడవుతుంది. టీమ్ పార్టీల్లో మాట్లాడగలిగేది తాగినప్పుడే అని అనిపించడం మొదలైతే అది ప్రమాద సూచన. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లలో మద్యం అలవాటు ముదిరే ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

ఎవరో చెప్పారని మందుల షాపులో ఆల్ప్రజోలం లాంటి మాత్రలు అడిగి కొనుక్కోవడం ఇంకో తప్పు. అవి అలవాటు పడే మందులు. హఠాత్తుగా మానేస్తే ఇబ్బందులు పెరుగుతాయి. గుండె దడ, వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్‌ను ఉపన్యాసం లాంటి ఒక్క సందర్భానికి వైద్యులు కొందరికి ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది అపాయం. సొంతంగా వేసుకోవాల్సిన మందు ఇందులో ఏదీ లేదు. మరో మాట: థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చేతుల వణుకు, చెమట వస్తాయి. నలుగురిలో ఉన్నప్పుడే కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇవి కనిపిస్తుంటే రక్తపరీక్ష చేయించుకోవాలి.

అపోహ 8: "మనసు డాక్టరు దగ్గరికి పోతే మాత్రలు జీవితాంతం మింగాల, ఉద్యోగమూ పోతాది."

వాస్తవం: ఈ సమస్యకు చాలాసార్లు మొదట సూచించేది మాటల చికిత్సే. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. పైన చెప్పిన జోస్యం పరీక్ష, మెట్ల వరుస, ధ్యాస మళ్లింపు అన్నీ దాని భాగాలే. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013లో ఇచ్చినవాటిలో పెద్దవాళ్లకు మొదటి చికిత్సగా దీన్నే సిఫార్సు చేసింది. సాధారణంగా కొన్ని నెలల్లో పూర్తవుతుంది. అవసరమైతే ఆందోళన తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడించి, వైద్యులే మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు.

ఉద్యోగం గురించి భయపడాల్సిన పని లేదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, వైద్యులు మీ అనుమతి లేకుండా మీ ఆఫీసుకు చెప్పడానికి వీల్లేదు. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. మేనేజర్‌కు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చెప్పదలిస్తే జబ్బు పేరుతో పని లేదు. "ముందురోజు అజెండా పంపితే నేను బాగా చెప్పగలను సార్" అంటే చాలు.

ఎక్కడికి వెళ్లాలంటే తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు నుంచి వేలూరు సీఎంసీకి పోయే అలవాటు మనవాళ్లకు తరతరాలుగా ఉంది. ఆ సంస్థ మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంటుంది. ఎక్కడికీ పోలేనివాళ్లు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

అపోహ 9: "భయమంతా మన మనసులోనే ఉంటుంది. ఆఫీసు తప్పేమీ ఉండదు."

వాస్తవం: కొన్ని భయాలకు నిజమైన కారణం గదిలోనే కూర్చుని ఉంటుంది. అధికారి నలుగురిలో తిడుతుంటే, కులం ఎత్తి మాట్లాడుతుంటే, అమ్మాయిల మీద ఇబ్బందికరమైన మాటలు విసురుతుంటే వచ్చే భయం జబ్బు కాదు. అక్కడ మారాల్సింది భయపడే మనిషి కాదు. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం ఆదేశిస్తోంది. శ్రీసిటీ లాంటి చోట్ల ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండి పనిచేసే ఆడపిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం.

వేధింపులు లేని చోట కూడా అధికారి చేయగలిగింది ఎంతో ఉంది. అజెండా ముందే పంపడం, తప్పును నాలుగు గోడల మధ్య చెప్పడం, మెచ్చుకోలు రాతలోనూ ఇవ్వడం, మాట్లాడటానికి అందరికీ వరుసగా ఒక్కో నిమిషం కేటాయించడం, రాసి పంపిన సలహాకు మీటింగులో చెప్పిన సలహాతో సమానమైన విలువ ఇవ్వడం. "ఏమప్పా, నోట్లో మాట లేదా?" అని అందరి ముందూ అనకుండా ఉండటం. వీటికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఈ అపోహలన్నిటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం: మాట్లాడలేకపోవడం మనిషిలోని లోపమని. మాట్లాడలేకపోవడం పరీక్షించి చూడని ఒక భయం మాత్రమే. ఆ భయం చెప్పే జోస్యాల్లో చాలావరకు తప్పుతాయి. తప్పుతాయని తెలుసుకోవడానికి ఒక నోటు పుస్తకం, ఒక చిన్న మెట్టు, ఓపికగా వినే ఒక సహోద్యోగి ఉంటే మొదలుపెట్టవచ్చు. అంతకు మించి కావాల్సి వస్తే వైద్యులు ఉన్నారు, చట్టం అండగా ఉంది. మీరే ఈ అవస్థలో ఉంటే వచ్చే సమావేశానికి ఒక్క వాక్యం సిద్ధం చేసుకుని వెళ్లండి. మీ టీమ్‌లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఉంటే అతని పనిని ఈ వారం ఒకసారి శ్రద్ధగా చూడండి, అందులో నచ్చిందేమిటో అతనికే చెప్పండి.